బొంగురు పెట్టె

"వచ్చేశావా, హమ్మయ్య! ఎలా ఉన్నావు? ఇంతకీ ఆ డబ్బాల మూతలన్నీ ఎక్కడ పెట్టావు?"

పిత్తాశయం ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు అక్క ఇంట్లో ఉండి, ఆ మధ్యాహ్నమే తిరిగి ఇంట్లో అడుగుపెట్టాను. చెప్పులు ఇంకా విడవలేదు. ఎలా ఉన్నావని మా ఆయన అడగలేదని అనను, అడిగారు. జవాబు కోసం ఆగకుండా వెంటనే అడిగిన రెండో మాట ఈ మూతల సంగతి. "సింకు కింద అరలో, ఎడమవైపు" అని చెప్పాను. నా బ్యాగు మోసుకొచ్చిన అక్క నా వైపు ఒక చూపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అక్క స్కూలు బస్సు నడుపుతుంది. రోజంతా నలభై మంది పిల్లల అరుపులు వింటుంది కాబట్టి తను మాట్లాడటం తక్కువ.

మా ముందుగదే మా వర్క్‌షాపు. అందులో నా బల్ల దగ్గర కొత్త కుర్చీ ఉంది. వీపుకి ఆనుడు, మోచేతులకి దిమ్మలు, కింద చక్రాలు. బల్ల మీద మెడ ఎటు కావాలంటే అటు వంగే దీపం. కిటికీ పై అద్దం తీసేసి అక్కడ పొగని బయటికి లాగే ఫ్యాను బిగించారు. ఆ కుర్చీలో నేనెప్పుడూ చూడని పెద్దమనిషి ఒకాయన సోల్డరింగ్ చేస్తున్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. నేను ఇన్నేళ్ళూ కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు బాల్కనీలో ఉంది. దాని మీద బట్టల క్లిప్పుల బుట్ట పెట్టారు.

"మన కొత్త టెక్నీషియన్" అన్నారు మా ఆయన. "నువ్వు లేవు కదా, మనిషిని పెట్టుకోక తప్పలేదు. పొగ పీలిస్తే ఆయనకి దగ్గొస్తుందట. అందుకే ఫ్యాను పెట్టించాను. గాలి బాగా ఆడుతోంది కదూ?"

బాగా ఆడుతోందని అన్నాను. ఆ ఫ్యాను కోసం నేను మూడేళ్ళు అడిగాను. అడిగినప్పుడల్లా "కిటికీ తీసుకోవోయ్" అనేవారు. కిటికీ తీస్తే రోడ్డు మీది దుమ్ము పడి, సన్నటి అతుకులు పాడవుతాయి. అందుకని మూసుకునే పనిచేసేదాన్ని. నాకూ దగ్గొచ్చేది. కాకపోతే నా దగ్గు ఇంట్లో దగ్గు. గడియారం టిక్కుటిక్కుమన్నట్టు, దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వినరు.

మేం చేసేది గిటారిస్టులు కాలితో తొక్కే పెడల్స్. గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య నేల మీద పెట్టుకునే, అరచేయంత లోహపు పెట్టెలు. మీట తొక్కగానే అప్పటిదాకా నున్నగా పలుకుతున్న తీగ ఒక్కసారిగా బొంగురుపోతుంది. గుడ్డ చించినట్టు, జలుబు చేసిన మనిషి కోపంగా పాడినట్టు మోగుతుంది. ఆ రకం పెడల్‌ని ఫజ్ అంటారు. మా అత్తయ్య మాత్రం మొదటి రోజు విని, "ఇదేం బొంగురు పెట్టెరా, బాగున్న గొంతుని పాడుచేసుకోవడానికి కూడా డబ్బులిస్తారా?" అంది. అప్పటి నుంచీ ఇంట్లో దానికదే పేరు.

ఇందులో పేరుమోసిన పెడల్ ఒకటి ఎప్పుడో పాతకాలంలో ఒక పెద్ద కంపెనీ చేసింది. అది కొనాలంటే మామూలు గిటారిస్టు తన గిటార్ అమ్ముకోవాలి, తర్వాత తొక్కడానికి పెడల్ ఉంటుంది గానీ వాయించడానికి గిటార్ ఉండదు అని మా ఆయన జోకు వేస్తుంటారు. మేం దాని లోపలి అమరిక చూసి, అలాంటిదే మా పేరు మీద చవగ్గా చేసి అమ్ముతాం. క్లోన్ అంటారు. కాలేజీ పిల్లలూ, ట్యూషన్లు చెప్పుకునే వాయిద్యగాళ్ళూ కొనుక్కోగలరు. ఈ పని నాకు ఇష్టం. ఆ మాట ముందే చెప్పాలి. ఇష్టం లేని పనైతే దాని గురించి ఇంత బాధ ఉండేది కాదు.

పెళ్ళికి ముందు నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, టీవీలు తయారుచేసే కంపెనీలో పరీక్షా విభాగంలో పనిచేశాను. అత్తయ్యకి తుంటి ఎముక విరిగినప్పుడు మానేశాను. "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నారు మా ఆయన. ఆ ఎవరో ఒకరు ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి దాని మీద చర్చ జరగలేదు. ఆయన అప్పట్లో ఒక హోటల్ బ్యాండులో గిటార్ వాయించేవారు. కొన్నాళ్ళకి ఆ హోటల్ వాళ్ళు బ్యాండుని తీసేసి రికార్డులు పెట్టుకున్నారు. ఆ దిగులు రోజుల్లోనే ఆయన పెడల్ పాడైంది. నేను విప్పి చూశాను. లోపల పట్టుమని పది పన్నెండు భాగాలు కూడా లేవు. ఒక కాగితం మీద గీసి, "ఇది మనమే చేసుకోవచ్చండీ" అన్నాను. మనమే అన్నాను. బహుశా ఆ మాట దగ్గరే నా పొరపాటు జరిగింది.

ఆ మొదటి డ్రాయింగ్‌ని ఆయన లామినేషన్ చేయించి గోడకి తగిలించారు. కింద తన సంతకం పెట్టారు. పెట్టె మీద బొమ్మలు, కొట్లవాళ్ళతో మాటలు, ఫోన్లో పెట్టే వీడియోలు ఆయన పని. మాటకారి, నవ్వు మొహం. గిటార్ చేతికిస్తే ఇప్పటికీ ఎవరైనా ఆగి వింటారు. లోపలి పనంతా నాది. వీడియోల్లో ఆయన పెట్టెని బుగ్గ దగ్గర పెట్టుకుని, "ఒక్కో పెట్టెనీ నా చెవితో విని గానీ బయటికి పంపను" అంటారు. ఆ వీడియో తీసేది నేను. ఫోను నా చేతిలోనే ఉంటుంది కాబట్టి ఏ వీడియోలోనూ నేను కనపడను.

మూడేళ్ళ క్రితం ఒక పొడుగమ్మాయి, లావు తీగలతో లోతు స్వరాలు పలికే బేస్ గిటార్ వీపున వేసుకుని వచ్చింది. గుమ్మం దగ్గర తల వంచితే గానీ లోపలికి రాలేకపోయింది. మా ఆయన అప్పుడు ఊళ్ళో లేరు. "ఆంటీ, మీ పెట్టె గిటార్‌కి బ్రహ్మాండంగా ఉంది. నా బేస్‌కి పెడితే మాత్రం కింది స్వరాలన్నీ మాయమైపోతున్నాయి. ఏనుగుని పిలిస్తే దోమ వచ్చినట్టుంది" అంది. వాయించి చూపించింది. నిజమే. మీట తొక్కగానే అడుగు ఊడిపోయిన బకెట్‌లా అయిపోయింది శబ్దం.

ఆ వారమంతా వంటకీ బట్టలకీ మధ్య, అత్తయ్య కునుకు తీసే మధ్యాహ్నం వేళల్లో దాని మీదే కూర్చున్నాను. శబ్దం లోపలికి వచ్చే దారిలో ఒక కెపాసిటర్ ఉంటుంది. అది చిన్నదైతే లోతు స్వరాలని గుమ్మంలోనే ఆపేస్తుంది. దాని బదులు పెద్దది వేశాను. తర్వాత ట్రాన్సిస్టర్ల సంగతి. పెట్టెకి రెండు కావాలి. పాతరకం చవక ట్రాన్సిస్టర్లు ఒకే సంచిలో వచ్చినా ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి చురుకు, ఒకటి మందం, ఇంకోటి ఊరికే గుసగుసలాడుతూ ఉంటుంది. వాటిని మీటర్‌తో కొలిచి, ఏది దేనితో కుదురుతుందో చూసి జతలు కట్టాలి. ఆ పైన లోపల ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. మీటర్ ఇక్కడ చాలంటుంది. అక్కడ ఆగకూడదు. బేస్ మీద అన్నిటికంటే లావు తీగ మీటి, ఆ స్వరం ఎలా పుట్టిందో కాదు, ఎలా ఆరిపోతోందో వినాలి. చివర్లో చిటపటమని తెగిపోతే ఇంకో వెంట్రుకవాసి తిప్పాలి. దీపం ఒత్తి తగ్గించినట్టు మెల్లగా ఆరితే అప్పుడు మూత బిగించాలి. పొడుగమ్మాయి తన పాత బేస్ ఒకటి దీనికోసం నా దగ్గరే ఉంచి వెళ్ళింది. అప్పటి నుంచి మా పెట్టెలన్నీ అలాగే చేశాను. బేస్ వాయించేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని కొనడం మొదలుపెట్టారు. ఆయనకీ చెప్పాను. సెల్‌ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నారు. ఊఁ అనడం వేరు, వినడం వేరని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియాలి. తెలియలేదు.

ఈ వినికిడి నాకు పుట్టుకతో వచ్చిన వరమేమీ కాదు. ఇంట్లో ఒకరి చెవులు ఎప్పుడూ డ్యూటీలో ఉంటాయి. స్టవ్ మీద ఏది మాడబోతోందో, బాత్రూములో ఏ కుళాయి సరిగ్గా కట్టలేదో, అత్తయ్య దగ్గు రోజూ వచ్చేదో కొత్తదో, హాస్టల్ నుంచి ఫోన్ చేసిన కూతురు బాగానే ఉన్నానమ్మా అన్నప్పుడు ఆ బాగానేలో ఎంత బాగుందో, ఆయన స్కూటర్ స్టాండు వేసిన చప్పుడులో ఆవేళ చిరాకెంతో, అన్నీ నేను వినాలి. నేను వింటున్నాననే ధీమాతో మిగతావాళ్ళు తమ చెవులు మూసుకుని హాయిగా ఉంటారు. అలా ఇరవై రెండేళ్ళు వినీ వినీ అరిగిపోకుండా పదునెక్కిన చెవులివి. వాటిని ఒక్కదాని కోసం, నాకు నచ్చిన దాని కోసం వాడుకునే చోటు ఆ ప్లాస్టిక్ స్టూలు.

అక్క ఇంట్లో మొదటి వారం పడుకునే ఉన్నాను. పట్టపగలు నిద్రపోవడం నాకు కొత్త. మా ఆయన రోజూ ఫోన్ చేసేవారు. నెయిల్ కటర్ ఎక్కడుంది? వాషింగ్ మెషీన్ మూడో బటన్ దేనికి? అమ్మ రాత్రి మాత్ర తెల్లదా పసుపుదా? ఒకరోజు ఫోన్ మోగితే అక్క తీసి, "అది నిద్రపోతోంది. మీ ఇంట్లో మీ వస్తువులు ఎక్కడున్నాయో నాకు తెలియదు మరి" అని పెట్టేసింది. దుప్పటి కింద నవ్వు ఆగక కుట్లు నొప్పెట్టాయి. నవ్వు అయిపోయాక ఎందుకో ఏడుపొచ్చింది. అక్క చూసి కూడా చూడనట్టు వెళ్ళి కాఫీ కలుపుకొచ్చింది.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం అత్తయ్య నన్ను పిలిచి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. నేను లేనప్పుడు వంటకి కూడా ఒకావిడని పెట్టారు. ఆవిడ నిన్నటితో మానేసింది. "మంచిదేనమ్మా. కాకపోతే జ్వరమొచ్చిందని రెండు రోజులు రాలేదు. జ్వరమొస్తే ఎలా వస్తుందిలే పాపం..." అని ఆగి, నా మొహంలోకి చూసింది. అత్తయ్య ఏదో లెక్క చూసుకుంటున్నట్టు అనిపించింది. పైకి మాత్రం, "నీకు జ్వరమొచ్చిన గుర్తే లేదు నాకు" అంది. వచ్చిందని నేను చెప్పలేదు. నాకు గుర్తున్నంతలో నాలుగైదుసార్లు వచ్చింది.

మర్నాడు బల్ల కింద అట్టపెట్టెలు కనిపించాయి. సంగీత వాయిద్యాలమ్మే పెద్ద కొట్టు ఒకటి నేను లేనప్పుడు ముప్పై ఆరు పెడల్స్‌కి ఆర్డరిచ్చింది. పంపారు. పాతికకి పైగా వెనక్కొచ్చాయి. తిప్పి పంపినవాళ్ళంతా బేస్ వాయించేవాళ్ళే. పాత పెట్టెలా లేదు, ఇదేదో నకిలీది అని రాశారు. క్లోన్‌కి కూడా నకిలీ ఉంటుందా అని ఒక్క క్షణం నవ్వొచ్చింది. వారంలో సరిచేసి ఇవ్వకపోతే ఇకమీదట మా సరుకు పెట్టుకునేది లేదని కొట్టు యజమాని చెప్పాడట.

మా ఆయన బ్యాంకు పని మీద బయటికి వెళ్ళారు. టెక్నీషియన్ నెమ్మదస్తుడు. కాసేపు తటపటాయించి, "మేడమ్, ఒకటి చూస్తారా?" అన్నాడు. రెండు పెట్టెల మూతలు విప్పి పక్కపక్కన పెట్టాడు. "ఇది నేను చేసింది. గోడ మీది డ్రాయింగ్ ప్రకారం, ఒక్క పొల్లు పోకుండా. ఇది పాతది. మీరు చేసిందట కదా? ఇందులో కెపాసిటర్ వేరే ఉంది. ట్రాన్సిస్టర్ల మీద పెన్సిల్‌తో ఏవో చిన్న చిన్న నంబర్లున్నాయి. ఇది చేసినవాళ్ళు బాగా ఆలోచించి చేశారనిపించింది. సార్‌కి చూపించాను."

"ఏమన్నారు?"

ఆయన స్క్రూడ్రైవర్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "నేను చెప్పానని అనకండి. డ్రాయింగే కరెక్ట్, ఆవిడ వంటపని మధ్యలో చేస్తుంది కదా, చేతికి దొరికింది వేసేసి ఉంటుంది, అన్నారు."

కోపం వెంటనే రాలేదు. ముందొచ్చింది సిగ్గు. నిజంగానే చేతికి దొరికింది వేశానా అని ఒక్క నిమిషం నన్ను నేనే అనుమానించుకున్నాను. ఒక్క నిమిషమే అయినా ఆ అనుమానం నాలో అంత సులువుగా దూరింది; ఇప్పటికీ ఆయన అన్న మాట కంటే అదే ఎక్కువ గుర్తొస్తుంది. మనల్ని పొరపాట్లు చేసే మనుషులుగా చూసేవాళ్ళ మధ్య చాలాకాలం ఉంటే, మన తెలివి మన చేతిలో ఉన్నా ఎక్కడో దొరికిన వస్తువులా కనిపిస్తుంది. ఆ పెన్సిల్ అంకెలు నావి. ఒక్కో అంకె వెనకా ఒక్కో మధ్యాహ్నం ఉంది.

భోజనాల తర్వాత ఆయన నా ముందు ఒక కొత్త నోటుబుక్కు పెట్టారు. "నువ్వేం వేసేదానివో అన్నీ ఇందులో రాసిచ్చెయ్. టెక్నీషియన్ చూసి చేసుకుంటాడు. నీకూ రెస్టు" అన్నారు. మంచిగానే అన్నారు. ఆయన గొంతులో చెడు ఎప్పుడూ ఉండదు. అదే కష్టం. కాస్త ఆగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు. "ఇంతకీ అదంతా తెలిసే చేశావా?"

జవాబు చెప్పేలోపు తలుపు చప్పుడైంది. పొడుగమ్మాయి. తల వంచి లోపలికి వచ్చింది. వీపున బేస్, చేతిలో మా పెట్టె ఒకటి. ఈసారి తన శిష్యురాలి కోసం కొన్నదట. "ఆంటీ, మీరు లేరని తెలీదు. ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి, నా జవాబు మొత్తం వింది. తర్వాత, "ఇది మీరు చేసింది కాదు కదా?" అంది.

"అన్నీ మా దగ్గర చేసినవేనమ్మా" అన్నారు మా ఆయన నవ్వుతూ. "ఏదీ, వాయించు, నేను వింటాను."

ఆ అమ్మాయి బేస్ తగిలించి ముందు కొత్తది తొక్కింది. మళ్ళీ అదే అడుగు ఊడిన బకెట్. తర్వాత బల్ల మీదున్న పాతది. లావు తీగ ఒక్కసారే మీటింది. కిటికీ రెక్క గిలగిలలాడింది. బల్ల మీది స్క్రూలు గిన్నెలో చిన్నగా గలగలమన్నాయి. పక్కగదిలోంచి అత్తయ్య "ఏమిటే అది?" అని కేకేసింది. స్వరం చాలాసేపు నిలిచి, ఎక్కడా తెగకుండా సన్నగిల్లి, చివరికి ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగింది. మా ఆయన మొహంలో నవ్వు పోయింది. ఆయన సంగీతం తెలిసిన మనిషి. ఇన్నేళ్ళూ గిటార్ పెట్టి మాత్రమే చూశారు. గిటార్‌కి అంత తేడా తెలియదు. బేస్ మీద రెండిటినీ పక్కపక్కన వినడం ఇదే మొదటిసారి.

"అవునవును" అన్నారు మెల్లగా తేరుకుని. "ఈ మార్పు మేం మూడేళ్ళ క్రితమే చేశాం. కొత్తాయనకి చెప్పడం మర్చిపోయాం."

టెక్నీషియన్ తల దించుకున్నాడు. పొడుగమ్మాయి నా వైపు చూసింది. తనకి తెలుసు, నాకు తెలుసు. నేను కూడా తల ఊపేస్తే ఆ మేం అనే మాట సర్దుకుని కూర్చునేది. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. మొగుడూ పెళ్ళాల మధ్య నేను, నువ్వు అనేదేమిటి, ఎంత చిన్నతనం అని ఎప్పటి నుంచో తలలో ఉన్న గొంతు ఒకటి అంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మేం కాదు. నేను చేశాను" అన్నాను. గొంతు బొంగురుపోయింది. దగ్గి, మళ్ళీ ఆయన వైపు తిరిగి అన్నాను. "తెలిసే చేశాను."

పొడుగమ్మాయి తన బేస్‌ని నెమ్మదిగా సంచిలో పెట్టుకుని, "ఇంకో వారం తర్వాత వస్తానాంటీ. మీరు చేసిందే తీసుకుంటాను" అని వెళ్ళింది.

ఆ సాయంత్రం నోటుబుక్కు ఖాళీగానే తిరిగిచ్చాను. "టెక్నీషియన్‌కి మీరొక కాగితం ఇచ్చారట. పనివేళలు, సెలవులు, అన్నీ రాసి" అన్నాను.

"ఇవ్వకపోతే ఎవరొస్తారు?"

"నాకూ ఒక కాగితం కావాలి."

ఆయన నవ్వారు. "సొంతింట్లో ఉద్యోగమేమిటే, నవ్విపోతారు. ఇదంతా నీది కాదూ?"

"నాదైతే నా పేరు కూడా రాసి సగం యజమానినని కాగితం ఇవ్వండి. పని మాత్రమే నాదైతే ఉద్యోగమని రాసివ్వండి. రెండిట్లో ఏదైనా సరే. ఏ కాగితమూ లేకుండా మాత్రం ఆ బల్ల దగ్గర కూర్చోను."

"వారంలో ఇవ్వాలి పెట్టెలు. ఇప్పుడా ఇవన్నీ? బెదిరిస్తున్నావా?"

"లేదండీ. ఇప్పుడైతే మీరు వింటారని అడుగుతున్నాను."

ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇద్దరి మధ్య అన్నం వడ్డించే మాటలే నడిచాయి. ఆయన స్వయంగా బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్ద కెపాసిటర్ వేయడం ఎవరైనా చేస్తారు, ఇద్దరూ కలిసి అది చేసేశారు. తర్వాత ట్రాన్సిస్టర్ల దగ్గర చిక్కుపడ్డారు. వంటింట్లో కూరలు తరుగుతుంటే గోడ అవతల నుంచి ఒక్కో పెట్టె బొంగురుగా పలికేది. చిటపటమని తెగేది. జత తప్పు. ఇంకోటి. రెండో ట్రాన్సిస్టర్ మరీ చురుకైంది. మరోటి. ఇది బాగానే ఉంది, ఆ బుల్లి స్క్రూ ఎడమకి, కొంచెం, ఇంకొంచెం, అయ్యో, దాటించేశారు. నా వేళ్ళు కత్తి పిడి మీదే ఎడమకి తిరిగేవి. లేచి వెళ్ళి ఒక్క నిమిషంలో సరిచేసి రావచ్చు. ఇంట్లో ఏది చెడిపోయిన చప్పుడు విన్నా ఇన్నేళ్ళూ లేచి వెళ్ళిన కాళ్ళు అవి. ఆ నాలుగు రోజులూ వాటిని పీట కింద మడిచిపెట్టుకుని కూర్చోవడం ఆపరేషన్ కంటే కష్టమైంది. ఆపరేషన్‌కి మత్తుమందైనా ఇచ్చారు.

మూడో రోజు అత్తయ్య చేతికర్ర పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది. వాడికి చేతకావడం లేదు, వెళ్ళవే అంటుందని ఎదురుచూశాను. ఆవిడ మాత్రం, "నేను చదువుకోలేదు గానీ, నాకే అలాంటి కాగితం ఒకటుంటే..." అని, మిగతాది చెప్పకుండా వెనక్కి తిరిగింది. ఆ కర్ర చప్పుడు మంచం దాకా వెళ్ళేవరకూ విన్నాను.

అయిదో రోజు మా ఆయన ఒక కాగితం తెచ్చారు. అందులో నా పేరు పక్కన 'సహాయకురాలు' అని ఉంది. చదివి వెనక్కిచ్చాను. ఆయన గుమ్మానికి ఆనుకున్నారు. మొహం పీక్కుపోయి ఉంది. "ఇరవై ఎనిమిది పెట్టెలు ముందేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాం. మూడు కుదిరాయి" అన్నారు. "ఆ మూడూ ఎందుకు కుదిరాయో కూడా తెలియలేదు." ఆ మాట చెప్పడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. హోటల్ బ్యాండు పోయిన రోజు కూడా ఆయన అంత చిన్నగా మాట్లాడలేదు. జాలేసింది. జాలేసినా కాగితం మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు రెండో కాగితం వచ్చింది. ఇద్దరం చెరిసగం భాగస్వాములమని, తయారీ విషయంలో చివరి మాట నాదని రాసి, సంతకం చేసి తెచ్చారు. నేనూ చేశాను. సాక్షిగా టెక్నీషియన్ చేశాడు. ఆ రోజు, ఆ మర్నాడు, నేనూ టెక్నీషియనూ వంతులవారీగా ఆ కొత్త కుర్చీలో కూర్చుని పందొమ్మిది పెట్టెలు సరిచేయగలిగాం. ట్రాన్సిస్టర్లు చాలక మిగతావి కాలేదు. కొట్టు యజమాని గడువు దాటిందని గొణిగి, ఉన్నవి తీసుకుని, ఆర్డరు సగానికి తగ్గించాడు. అన్నీ బాగుపడిపోయాయని చెప్పను. మా ఆయన కొన్నాళ్ళు ముభావంగానే ఉన్నారు. వీడియోలో ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు నా నోట మాట రాక మూడుసార్లు మళ్ళీ తీయాల్సి వచ్చింది. టెక్నీషియన్ మాత్రం స్వరం ఎలా ఆరిపోతుందో వినడం త్వరగానే నేర్చుకుంటున్నాడు.

సంతకాలైన సాయంత్రం జరిగింది ఒకటి చెప్పాలి. కాగితం కింద పనివేళలు అని ఖాళీ గీత ఒకటి వదిలేసి ఉంది. కలం తీసుకుని నేనే నింపాను. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు. ఆదివారం సెలవు. మా ఆయన నా భుజం మీంచి వంగి చదివారు. ఆ ఆదివారం దగ్గర ఆయన చూపు ఆగింది.

"వర్క్‌షాపుకి సెలవు సరే. మరి ఆదివారం వంటెవరు చేస్తారు?" అన్నారు.

"అదే" అన్నాను కలానికి మూతపెడుతూ. "నేను మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నాను."